మచ్చలు చూపిస్తే పిల్లాణ్ణి మొత్తం చూశారు

రాజమండ్రి దానవాయిపేటలోని ఈ పిల్లల క్లినిక్‌కి మేము మొదటిసారి వచ్చింది కార్తీకమాసంలో. ఇప్పటికి ఐదు నెలలు దాటింది. అప్పుడే రాద్దామనుకున్నాను కానీ ఆగాను, ఎందుకంటే మా బాబుకి వచ్చిన జబ్బులో అసలు సంగతి మచ్చలు పోయాకే తెలుస్తుందని ఇక్కడి డాక్టర్ గారే చెప్పారు.

మాది మండపేట. బాబుకి ఆరేళ్లు. ఒక సోమవారం స్కూలుకి సాక్సులు తొడుగుతుంటే చీలమండల చుట్టూ ఎర్రటి చుక్కలు కనిపించాయి. దోమలు కుట్టాయనుకున్నాం. సాయంత్రానికి పిక్కల దాకా ఎక్కాయి, కొన్ని కలిసిపోయి నేరేడు పండు రంగు మచ్చలయ్యాయి. మా అత్తయ్యగారు వేడి చేసిందన్నారు, పక్కింటి వాళ్లు అమ్మవారేమో చూడమన్నారు, మందుల షాపులో దద్దుర్లని చెప్పి సెట్రిజిన్ సిరప్, కాలమైన్ లోషన్ ఇచ్చారు. దద్దుర్లయితే దురద ఉండాలి కదా, వీడు ఒక్కసారి కూడా గోక్కోలేదు. ఆ మాట షాపులో చెప్పాను కూడా. మూడో రోజు పొద్దున మంచం దిగి నిలబడలేక ఏడ్చాడు, చూస్తే కుడి చీలమండ వాచి ఉంది.

అప్పుడు మా వీధిలో ఇద్దరికి డెంగీ. ఒంటి మీద ఎర్ర చుక్కలంటే మాకు తెలిసిన లెక్క ఒకటే, ప్లేట్‌లెట్లు. వేరే ఒక ఆసుపత్రికి పరిగెత్తాం. ప్యాంటు మోకాళ్ల దాకా పైకి లాగి చూసి రక్తపరీక్షలు రాశారు. ప్లేట్‌లెట్లు 3,10,000 వచ్చాయి, డెంగీ ఉందో లేదో చూసే ఎన్ఎస్1 పరీక్ష నెగెటివ్. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉంటే మామూలే అని రిపోర్టు మీదే అచ్చేసి ఉంది. అయినా రేపటికి పడిపోవచ్చు, అడ్మిట్ చేయండన్నారు. రెండు రాత్రులు సెలైన్ ఎక్కించారు, పూటపూటకీ రక్తం తీశారు, ఒక్కసారి కూడా కౌంట్ మూడు లక్షలకు తగ్గలేదు. మా మరిది ఎక్కడో వెతికి బొప్పాయి ఆకు రసం తెచ్చాడు, బలవంతంగా తాగించాను, వాడు మొత్తం కక్కేశాడు. ఆ చేదుకి కక్కాడో జబ్బుకి కక్కాడో తెలియక ఇంకో రాత్రి నాకు నిద్ర లేదు. 14 వేలు కట్టి బయటికొస్తే డిశ్చార్జి కాగితంలో రాసి ఉన్నది "జ్వరం, దద్దుర్లు". వాడికి జ్వరమే రాలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు మోకాళ్ల మీద కొత్త మచ్చలు. బాబు స్కూల్లో ఒక టీచర్ గారు ఈ క్లినిక్ సంగతి చెబితే బస్సెక్కి వచ్చాం.

టోకెన్ 23. రెండు గంటల పది నిమిషాలు కూర్చున్నాం. ఆలస్యానికి విసుక్కుంటూనే లోపలికి వెళ్లాను కానీ, వెళ్లాక ఆలస్యం ఎందుకవుతుందో అర్థమైంది. డాక్టరమ్మ నేను తెచ్చిన ఫైలు తెరవకుండా పక్కన పెట్టి మొదట అడిగింది, "రెండు మూడు వారాల కింద జలుబు గానీ గొంతునొప్పి గానీ వచ్చిందా అమ్మా?" అని. వచ్చింది. దీపావళి వెళ్లిన వారం దగ్గుతో మూడు రోజులు స్కూలు మానేశాడు. అప్పటిదాకా ఆ సంగతి నన్ను ఎవరూ అడగలేదు, దానికీ దీనికీ సంబంధం ఉంటుందని నాకూ తోచలేదు. తర్వాత వేలితో మచ్చల మీద మెల్లగా రాసి, నన్నూ రాసి చూడమన్నారు, చేతికి ఉబ్బుగా తగిలాయి. గాజు స్లైడ్ ఒకటి తీసి మచ్చ మీద అదిమారు. దద్దురైతే అలా అదిమితే రంగు పోయి తెల్లబడుతుందట, ఇది పోలేదు, ఎందుకంటే ఇది రక్తనాళంలోంచి బయటికి ఊరిన రక్తం. ఆ పరీక్ష ఇంట్లో గాజు గ్లాసుతో కూడా చేయొచ్చని, ఎప్పుడైనా పిల్లలకి జ్వరంతో పాటు ఇలా అదిమినా పోని మచ్చలు వచ్చి మగతగా ఉంటే మాత్రం తెల్లారేదాకా కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి పరిగెత్తాలని చెప్పారు.

ఆ తర్వాత "నాన్నా, ఒక్కసారి నిక్కరు విప్పుతావా, సూది వెయ్యను" అన్నారు. వాడు సిగ్గుపడుతూ విప్పాడు. పిరుదుల నిండా మచ్చలే. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సెలైన్ ఎక్కుతున్నప్పుడు తడిగుడ్డతో తుడవడమే కదా, స్నానం లేదు, అందుకే నా కంటా పడలేదు. రెండు రోజులు అడ్మిట్ అయిన చోట కూడా ఒక్కరూ అక్కడ చూడలేదు. కాళ్ల మీద, పిరుదుల మీద ఉబ్బెత్తు మచ్చలు, కీళ్ల వాపు, ప్లేట్‌లెట్లు మామూలుగా ఉండటం, ఈ మూడూ చూశాక డాక్టరమ్మకి అనుమానమే లేదు. పొట్ట నొక్కి చూశారు, పిల్లల చేతికి సరిపోయే చిన్న పట్టీతో బీపీ చూశారు, యూరిన్ పరీక్ష రాశారు. అంతే. మా ఆయన హైదరాబాద్ తీసుకెళ్లాలా, బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, చేయించాలా అని అడిగితే, ఇంత స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు పిల్లలకి అది అక్కర్లేదన్నారు.

జబ్బు పేరు కాగితం మీద తెలుగులో రాసిచ్చారు. ఐజీఏ వాస్కులైటిస్. పాత పేరు హెనాక్ షోన్‌లైన్ పర్ప్యూరా, హెచ్ఎస్పీ అంటారు, ఇంకెక్కడైనా ఆ పేరు వినబడినా రెండూ ఒకటేనన్నారు. జలుబు లాంటిది వచ్చి తగ్గాక ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరపాటున సన్నటి రక్తనాళాల గోడలకే వాపు తెప్పిస్తుందట. చర్మంలో అయితే మచ్చలు, కీళ్లలో అయితే నొప్పి, పేగుల్లో అయితే కడుపునొప్పి, కిడ్నీల్లో అయితే పైకి ఏమీ తెలియకపోవచ్చు. ఎక్కువమంది పిల్లలకి నెల రోజుల్లో దానంతటదే తగ్గుతుంది, కొందరికి మళ్లీ మళ్లీ మచ్చలు వస్తాయి. అంటువ్యాధి కాదు. మా అత్తయ్యగారు వంకాయ, గుడ్డు మానిపించాలా అని అడిగితే "మామ్మగారూ, వాడు ఏది అడిగితే అది పెట్టండి" అన్నారు. మందు పారాసెటమాల్ ఒక్కటే రాశారు, అదీ నొప్పి ఉంటేనే. పూతమందు ఏదీ లేదు.

కానీ భయపడాల్సినవి దాచలేదు. కడుపు మెలిపెట్టినట్టు నొప్పి, ఆగని వాంతులు, మలంలో రక్తం లేదా నల్లటి విరేచనం, టీ డికాషన్ రంగు మూత్రం, పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బడం, మగపిల్లాడు కాబట్టి వృషణాల దగ్గర వాపు, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా రమ్మని నంబర్ ఇచ్చారు. ఆ నంబర్ ఉత్తుత్తిది కాదు. తొమ్మిదో రోజు రాత్రి కడుపునొప్పితో ముడుచుకుపోతే చేశాను, నర్సు ఎత్తి డాక్టరమ్మతో మాట్లాడించింది. రమ్మన్నారు, ఆ రాత్రే స్కానింగ్ తీయించారు. ఈ జబ్బులో ఒక్కోసారి పేగులో పేగు దూరుతుందట, అది లేదని తేలాక గానీ ఇంటికి పంపలేదు.

ఇక కిడ్నీల సంగతి. మొదటి నెల వారానికోసారి, తర్వాత రెండు వారాలకోసారి, ఆపైన నెలకోసారి, మొత్తం ఆరు నెలలు యూరిన్ పరీక్ష, బీపీ. ఒక కాగితం మీద తేదీలన్నీ వాళ్లే రాసి ఇచ్చారు, మేము వెళ్లకపోతే ఫోన్ చేశారు. ఐదో వారంలో యూరిన్‌లో ప్రొటీన్ కొద్దిగా కనిపించింది. జబ్బు కిడ్నీలకీ పాకిందేమోనని నేను వణికిపోయాను. పొద్దున లేవగానే పోసిన మూత్రం తెమ్మని మళ్లీ చేయించారు, అందులో ఏమీ లేదు, ఆ తర్వాత కూడా రాలేదు. బాబు ఇప్పుడు స్కూల్లో ఖోఖో ఆడుతున్నాడు. ఇంకొక్క పరీక్ష మిగిలింది.

బాగాలేనివి కూడా చెప్పాలి. క్లినిక్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు, వాచిన కాళ్ల పిల్లాణ్ణి మా ఆయన ఎత్తుకుని ఎక్కారు. కీళ్లనొప్పులతో వచ్చే పిల్లల కోసమైనా కింద ఒక కుర్చీ పెట్టి, డాక్టరమ్మ దిగి చూసే ఏర్పాటు ఉంటే బాగుంటుంది. బాత్రూమ్‌కి గడియ లేదు, యూరిన్ పట్టాల్సిన చోట అది పెద్ద ఇబ్బందే. టోకెన్ కోసం చేసే నంబర్ వేరు, అది పది గంటల లోపు ఎవరూ ఎత్తరు.

కన్సల్టేషన్ 400, వారంలోపు మళ్లీ వస్తే తీసుకోరు. యూరిన్ పరీక్ష కింద ల్యాబ్‌లో 120. బుధవారం డాక్టరమ్మ ఉండరు. దూరం నుంచి వచ్చేవాళ్లు ముందురోజే ల్యాబ్ డబ్బా తీసుకెళ్లి, పొద్దున మొదటి మూత్రం పట్టి తెచ్చుకుంటే ఆ బాత్రూమ్ బాధ తప్పుతుంది, రిపోర్టు కూడా డాక్టరమ్మ పిలిచేలోపే చేతికొస్తుంది.