కొరియాలో ఇంగ్లీషు టీచర్ ఉద్యోగమని డబ్బు కట్టించుకుంటున్నారు, జాగ్రత్త

వైజాగ్‌లో ఉండి విదేశాలకు ఇంగ్లీషు టీచర్‌గా వెళ్ళాలనుకుంటున్నవాళ్ళు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. ఇప్పటికే ఒక విడత కట్టేసినవాళ్ళు రెండో విడత కట్టకముందే చదవండి. నేను ద్వారకానగర్‌లోని ఒక కన్సల్టెన్సీకి మూడు విడతల్లో 1,35,000 రూపాయలు కట్టాను. ఉద్యోగం రాలేదు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు పది వారాలు వాళ్ళ బీరువాలోనే ఉండిపోయాయి. కేసు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. పేరు తెలిసినా పెద్ద ఉపయోగం లేదు, ఎందుకంటే ఇదే పద్ధతిలో బోర్డులు పెట్టినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ పద్ధతి ఎలా ఉంటుందో తెలుసుకోవడమే ముఖ్యం.

నేను ఎంఏ ఇంగ్లీషు చేశాను, బీఈడీ ఉంది. ఇక్కడే ఒక ప్రైవేట్ స్కూల్లో నాలుగేళ్ళుగా ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఇంగ్లీషు చెబుతున్నాను. పాఠం చెప్పడం నాకు ప్రాణం. కానీ 22,000 జీతంతో ఎన్నాళ్ళని? 2025 ఫిబ్రవరిలో ఫోన్‌లో ఒక రీల్ వచ్చింది. కొరియాలో ఇంగ్లీషు టీచర్, నెలకు లక్షన్నర దాకా జీతం, ఉండడానికి ఫ్లాట్ ఫ్రీ, విమానం టికెట్ ఫ్రీ. మర్నాడే వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాను.

ఆ ప్రకటనలో జీతం గురించి చెప్పింది అబద్ధం కాదు. నన్ను పడేసింది కూడా అదే. కొరియాలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పే ప్రైవేట్ అకాడమీలను హాగ్వన్ అంటారు. వాటిలో టీచర్లకు నెలకు 20 లక్షల వాన్లకు పైగానే ఇస్తారు, ఇల్లు చూపిస్తారు, చాలాచోట్ల టికెట్ కూడా వాళ్ళే పెట్టుకుంటారు. నెట్‌లో వెతికితే ఇవన్నీ నిజమేనని కనిపిస్తుంది, మనకు నమ్మకం కుదిరిపోతుంది. ఎవరికి ఇస్తారన్నది మాత్రం రీల్‌లో ఉండదు. అక్కడ భాష నేర్పే టీచర్లకు ఇచ్చేది ఈ-2 వీసా. ఇంగ్లీషు టీచర్లకు ఆ వీసా ఏడు దేశాల పౌరులకే ఇస్తారు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. ఆ వరసలో మన దేశం లేదు. మన ఇంగ్లీషు ఎంత బాగున్నా, చేతిలో ఎన్ని సర్టిఫికెట్లు ఉన్నా వాళ్ళు ముందు చూసేది పాస్‌పోర్టు.

మనకు ఒక సన్నని దారి ఉన్న మాట నిజం. 2010 జనవరి నుంచి అమలవుతున్న భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం ప్రకారం, ఇంగ్లీషులో డిగ్రీ, టీచర్ అర్హత ఉన్న మనవాళ్ళు అక్కడి స్కూళ్ళలో సహాయ ఇంగ్లీషు టీచర్లుగా పనిచేయడానికి వీలుంది. అది స్కూళ్ళకే, హాగ్వన్‌లకు వర్తించదు. నాకు అమ్మింది హాగ్వన్ ఉద్యోగం. ఈ సంగతంతా కొరియా ఎంబసీ వెబ్‌సైట్ చూసో, వాళ్ళకు ఒక ఈమెయిల్ పెట్టో పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. నాకు ఇది నాలుగు నెలల తర్వాత తెలిసింది.

మొదటి రోజు అక్కడున్న కౌన్సెలర్‌ని నేను సూటిగానే అడిగాను. "మేడమ్, ఇండియన్ పాస్‌పోర్టుకి వీసా ఇస్తారా?" అని. ఆవిడ నవ్వి, "చూడమ్మా, టెఫెల్ సర్టిఫికెట్ ఉంటే దేశం ఏదైనా అడ్డు చెప్పదు. నీకు బీఈడీ కూడా ఉంది, నీ ప్రొఫైల్ చాలా స్ట్రాంగ్" అన్నారు. టెఫెల్ అంటే ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళకు ఇంగ్లీషు ఎలా చెప్పాలో నేర్పే ట్రైనింగ్. ఆవిడ మెచ్చుకోలుకి నేను పొంగిపోయాను. స్కూల్లో ఎవరూ నన్ను అంతగా మెచ్చుకోలేదు. నాన్న స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యారు. ఆ పీఎఫ్ డబ్బులోంచి 35,000 తీసి మొదటి విడత కట్టారు.

కోర్సు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 120 గంటల టెఫెల్ అన్నారు. ఇచ్చింది వీడియోలు, వాటి కింద క్విజ్‌లు. ఒక్కసారి కూడా ఎవరికీ పాఠం చెప్పించలేదు. సర్టిఫికెట్ మీద బంగారు రంగు ముద్ర వేసి "లెవెల్ 5" అని రాశారు. ఈ లెవెల్ గురించి కొంచెం తెలుసుకోవాలి. టెఫెల్ అనేది ఒకే సంస్థ పెట్టే పరీక్ష కాదు, ఎవరైనా కోర్సు పెట్టి ఆ పేరుతో సర్టిఫికెట్ ఇచ్చుకోవచ్చు. లెవెల్ అనే మాటకు విలువ రావాలంటే, ఇంగ్లండ్‌లో అర్హతలను నియంత్రించే ఆఫ్‌క్వాల్ రిజిస్టర్‌లో ఆ కోర్సు ఉండాలి. ఆ రిజిస్టర్‌ని నెట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. నా కోర్సు పేరు అందులో లేదు. కేంబ్రిడ్జ్ వాళ్ళ సెల్టా అనే టీచర్ ట్రైనింగ్ కోర్సు అందులో ఉంది. దాంట్లో చేరాలంటే ముందు ఇంటర్వ్యూ ఉంటుంది, చేరాక నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటలు పాఠం చెప్పాలి, వెనక కూర్చుని ట్రైనర్ మార్కులు వేస్తారు. దానికి ఖర్చు లక్ష దాటుతుంది, కానీ ఆ డబ్బుకి నేర్చుకునేది ఉంది. అది చేసినా పాస్‌పోర్టు నిబంధన మారదు, అది వేరే విషయం.

కోర్సు అయ్యాక "ప్లేస్‌మెంట్" కోసం 60,000 అన్నారు. అక్కడ నేను రసీదు సరిగ్గా చదవలేదు. రసీదు మీద ప్లేస్‌మెంట్ అనే మాటే లేదు. మూడు రసీదుల్లోనూ "ట్రైనింగ్ ఫీజు" అని ఉంది. నోటితో చెప్పింది ఉద్యోగం, కాగితం మీద రాసింది ట్రైనింగ్. ఎందుకంటే, విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఉన్నా కూడా మన దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీకి మించి తీసుకోకూడదు, రసీదు ఇచ్చి తీరాలి. వీళ్ళకు ఆ రిజిస్ట్రేషనే లేదు. కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ఉంటుంది, పేరు కొడితే తెలిసిపోతుంది. "మాది రిక్రూట్‌మెంట్ కాదు, ట్రైనింగ్ సంస్థ" అని తప్పించుకోవడానికే రసీదు అలా రాస్తారని నాకు తర్వాత లాయర్ గారు చెప్పారు.

ఇంటర్వ్యూ ఏడు నిమిషాలు జరిగింది. అవతలి మనిషి కెమెరా ఆన్ చేయలేదు. మూడు రోజులకు ఆఫర్ లెటర్ వచ్చింది, అమ్మ దేవుడి దగ్గర పెట్టింది. ఆ వెంటనే డాక్యుమెంట్ల పని అన్నారు, 40,000. డిగ్రీ, పీజీ, బీఈడీ ఒరిజినల్స్, పాస్‌పోర్టు అపోస్టిల్‌కి, అంటే అవి అసలైనవేనని విదేశాంగ శాఖ ముద్ర వేయించడానికి, ఇవ్వాలన్నారు. ఇచ్చేశాను. ఏమేం తీసుకున్నారో రాసి సంతకం పెట్టిన కాగితం ఒక్కటి కూడా నేను అడగలేదు. అపోస్టిల్‌కి ప్రభుత్వ ఫీజు డాక్యుమెంటుకు 50 రూపాయలు. దానికి ముందు రాష్ట్ర స్థాయిలో సర్టిఫికెట్లు సరిచూడాలి, తీసుకెళ్ళి తెచ్చే ఏజెన్సీకి కొంత ఇవ్వాలి, అది ఒప్పుకుంటాను. పోలీస్ క్లియరెన్స్‌కి పాస్‌పోర్టు ఆఫీసులో కట్టేది 500. ఎలా లెక్క వేసినా 40,000 కాదు. పైగా నా సర్టిఫికెట్లు ఎక్కడికీ వెళ్ళలేదు. తిరిగి వచ్చినప్పుడు ఒక్కదాని వెనకా ముద్ర లేదు.

అనుమానం ఎలా వచ్చిందంటే, నాకు స్కూల్లో సీనియర్ అయిన ఒక అక్క ఆఫర్ లెటర్ చూసి, "ఆ అకాడమీకి నువ్వే ఒకసారి రాయవచ్చు కదా" అంది. లెటర్‌లో ఉన్న ఈమెయిల్‌కి కాకుండా, అకాడమీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న ఈమెయిల్‌కి రాశాను. రెండు రోజుల్లో జవాబు వచ్చింది, మర్యాదగా రాశారు. ఆ లెటర్ మాది కాదు, ఆ ఏడు దేశాల పాస్‌పోర్టు లేనివారిని చట్టప్రకారం మేము తీసుకోలేము అని. ఆ ఈమెయిల్ బస్సులో చదివాను. దిగాల్సిన స్టాప్ దాటిపోయినా గమనించలేదు.

ఆఫీసుకు వెళ్ళి అడిగితే ఎవరూ కంగారు పడలేదు. "కొరియా రూల్స్ మారాయమ్మా, నిన్ను థాయ్‌లాండ్ పంపిస్తాం" అన్నారు. రూల్స్ ఏమీ మారలేదు. ఆ తర్వాత చెప్పింది ఇంకా ఘోరం. "థాయ్‌లాండ్‌కి ముందు టూరిస్టుగా వెళ్ళిపో. స్కూల్లో చేరిపో. వీసా సంగతి అక్కడికి వెళ్ళాక మేం కన్వర్ట్ చేయిస్తాం" అన్నారు. ఈ ఒక్క మాట ఎవరు చెప్పినా, ఎంత దగ్గరవాళ్ళు చెప్పినా, అక్కడితో ఆగిపోండి. థాయ్‌లాండ్‌లో టీచర్‌గా పనిచేయడానికి నాన్ ఇమిగ్రెంట్ బి వీసా, వర్క్ పర్మిట్ రెండూ కావాలి. టీచర్స్ కౌన్సిల్ లైసెన్సు గానీ, తాత్కాలిక మినహాయింపు గానీ ఉండాలి. ఆ కాగితాలు నడిపించాల్సింది మనల్ని తీసుకునే స్కూలు. వర్క్ పర్మిట్ లేకుండా పనిచేస్తూ దొరికితే 5,000 నుంచి 50,000 బాత్‌ల జరిమానా వేసి దేశం నుంచి పంపించేస్తారు. వియత్నాం అయినా అంతే, డిగ్రీ, టీచింగ్ సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్, హెల్త్ సర్టిఫికెట్ చూసి వర్క్ పర్మిట్ ఇస్తారు, దానికి దరఖాస్తు చేసేది యజమానే. మన పాస్‌పోర్టుతో ఈ దేశాల్లో ఉద్యోగాలు చేస్తున్న టీచర్లు ఉన్నారు. వాళ్ళు కాగితాలతో వెళ్ళారు.

ఇంటికి వచ్చి చెప్పగానే నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. 2024 మేలో మన సిటీ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం ఆయన పేపర్లో రోజూ చదివారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన ప్రాంతం పిల్లల్ని తీసుకెళ్ళి, అక్కడ సైబర్ మోసాలు చేయించారు. థాయ్‌లాండ్ ఉద్యోగాల పేరుతో పిలిచి మయన్మార్‌కు తరలిస్తున్నారని విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించింది. నన్ను పంపించాలనుకున్నది అలాంటి చోటికేనని నేను అనడం లేదు, నా దగ్గర రుజువు లేదు. కానీ పరాయి దేశంలో టూరిస్టు ముద్రతో పనిచేసేవాళ్ళు జీతం ఇవ్వకపోయినా, పాస్‌పోర్టు లాక్కున్నా ఎవరికి చెప్పుకుంటారు? ఫిర్యాదు చేయబోతే ముందు తప్పు తమదే అవుతుంది. "డబ్బు పోతే పోయింది, నువ్వు మాత్రం కదలొద్దు" అన్నారు నాన్న.

డబ్బు సంగతి తర్వాత, ముందు సర్టిఫికెట్లు ఇమ్మన్నాను. మిగతా ఫీజు 50,000 కడితేనే ఇస్తామన్నారు. ఆరోజు రాత్రి నుంచి వాట్సాప్‌లో వాళ్ళ మెసేజ్‌లు వాటంతట అవే మాయమయ్యేలా సెట్టింగ్ పెట్టారు. అదృష్టం కొద్దీ అంతకుముందు మెసేజ్‌లు, వాయిస్‌లు అన్నీ అక్క నాచేత పక్కన సేవ్ చేయించింది. మీరు కూడా ఈరోజే చేయండి, రేపటికి పెట్టుకోవద్దు.

మావయ్యను తోడు తీసుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. వెళ్ళడానికి చాలా భయపడ్డాను, పరువు పోతుందేమో అని అమ్మ ఏడ్చింది. ఎస్సై గారు శ్రద్ధగా విన్నారు. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి అని 1967 నాటి పాస్‌పోర్టు చట్టంలోనే ఉంది, ఫీజు బాకీ అని ఏ కన్సల్టెన్సీ కూడా దాన్ని అట్టిపెట్టుకోకూడదు. ఆయన ఫోన్ చేసిన రెండో రోజుకి పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు అన్నీ చేతికొచ్చాయి. బీఈడీ సర్టిఫికెట్ మూల మడతపడి ఉంది. దాన్ని చూస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. డబ్బులో 40,000 వెనక్కి ఇచ్చారు. మిగతా 95,000 కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు, లాయర్ లేకుండా మనమే వేసుకోవచ్చు, ఆన్‌లైన్‌లో కూడా వేయవచ్చు. నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్ళ గడువు ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఫోన్‌పే లాంటి వాటితో ఈ మధ్యే కట్టినవాళ్ళు, మోసం అని తెలిసిన గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. ఆలస్యమైతే డబ్బు ఖాతాలు మారిపోతుంది.

మా బ్యాచ్‌లో పద్నాలుగు మందిమి. వాళ్ళలో ఎంతమంది ఒరిజినల్స్ ఇంకా ఆ బీరువాలో ఉన్నాయో నాకు తెలియదు, అదే నా బెంగ. మొన్న వారం విజయనగరం నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. రేపు రెండో విడత కట్టాలక్కా, నీకు ఉద్యోగం వచ్చిందా అని అడిగాడు. నాకు వచ్చిన అకాడమీ ఈమెయిల్ అతనికి పంపించాను. మర్నాడు డబ్బు కట్టకుండా, సర్టిఫికెట్లు అడగడానికి వాళ్ళ నాన్నగారితో కలిసి వెళ్ళాడు. ఇంకా ఇవ్వలేదట. సోమవారం స్టేషన్‌కి వెళ్తున్నారు, నేను కూడా వెళ్తున్నాను. అక్కడే డబ్బు కట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే, రసీదులు, మెసేజ్‌లు తీసుకుని రండి, కలిసి ఫిర్యాదు ఇద్దాం.