మెరూన్ జెర్సీ మీద తెల్ల నంబరు, చాన్నాళ్లు వాడాక

ముదురు రంగు పాలిస్టర్ జెర్సీ మీద తెల్ల నంబరు వేయించేవాళ్లు మామూలు తెల్ల వినైల్ (వేడి మెషీన్‌తో నొక్కి బట్టకు అతికించే పలచని ప్లాస్టిక్ షీటు) జోలికి పోకండి, వెనక బూడిద రంగు పొర ఉండే బ్లాక్‌అవుట్ వినైల్ అని అడిగి మరీ వేయించండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మాకు మంట అట్లా ఉంది.

మాది నల్లగొండ దగ్గర ఊరి కబడ్డీ టీమ్. దసరా టోర్నమెంట్‌కు ముందు టౌన్‌లో ఒక షాపులో మెరూన్ జెర్సీలకు నంబర్లు కొట్టించాం. తెచ్చిన రోజు పాలలాగా తెల్లగా మెరిసినయి. ఆట రోజు మూట విప్పితే అన్నీ లేత గులాబీ! గ్రౌండ్‌లో ఒక పెద్దాయన "ఏ పార్టీ టీమ్ రా మీది" అని అడిగిండు. షాపాయన్ని అడిగితే సర్ఫ్ ఎక్కువేసి ఉతికారన్నాడు, అప్పటికి ఆ జెర్సీలు ఒక్కసారి కూడా నీళ్ల మొహం చూడలేదు. అసలు సంగతేంటంటే పాలిస్టర్‌కు పట్టించిన రంగు ఎక్కువ వేడి తగిలితే ఆవిరై పైకి లేస్తుంది, మామూలు వినైల్‌ను 150, 160 డిగ్రీల దగ్గర నొక్కుతారు కాబట్టి ఆ రంగు తెలుపులోకి పాకుతుంది. అది కూడా వెంటనే కనపడదు, మెల్లగా బయటపడుతుంది.

తర్వాతి సెట్టు వేరేచోట బ్లాక్‌అవుట్‌తో వేయించాం. ఆయన మెషీన్ 130 దగ్గరే పెట్టాడు, ముందు ఖాళీ జెర్సీని కాసేపు నొక్కి తడి పోగొట్టాడు, కాలర్ కుట్టు ప్లేటు బయటకు వేలాడేట్టు సర్దాడు. కుట్టు కింద పడితే ప్లేటు అక్కడే ఎత్తుగా ఆగి నంబరుకు ఒత్తిడి అందదట. ఎండాకాలం మొత్తం ఆడినా తెలుపు తెలుపే.

అట్లని అంతా బాగుందని కాదు. మందం ఎక్కువ, మే నెలలో వీపు మీద చెమట అక్కడే ఆగుతుంది. సాగడం తక్కువ కాబట్టి రైడర్‌ను వెనక నుంచి పట్టి గుంజినప్పుడు 8 లాంటి నిండు అంకెలు నడుమ దగ్గర చీలినయి, 1, 7 మాత్రం బాగానే ఉన్నాయి. మెష్ (సన్న రంధ్రాల బట్ట) జెర్సీల మీద అంచులు లేచినయి, టెఫ్లాన్ షీటు వేసి మళ్లీ నొక్కిస్తే కొన్ని అతుక్కున్నాయి, కొన్ని లేదు.

క్రికెట్, వాలీబాల్ వాళ్లకు ఈ గుంజులాట ఉండదు, వాళ్లకు ఢోకా లేదనుకుంటా. పసుపు జెర్సీ మీద నల్ల నంబరైతే దీనికి పైసలు దండగ. జెర్సీతోపాటే సబ్లిమేషన్‌లో, అంటే రంగు బట్టలోకే ఇంకిపోయేట్టు, నంబరు ప్రింట్ చేయిస్తే ఊడేది, చీలేది ఉండదు, కానీ మాకు చివరి నిమిషం దాకా ఎవరు ఆడతారో తేలదు, అందుకే ఖాళీ జెర్సీలు కొని పెట్టుకుంటాం. ఈసారీ ఇదే వేయిస్తా, రైడర్లకు మాత్రం సన్న గీతల అంకెలు. మా మెయిన్ రైడరేమో 8 తప్ప వేసుకోనని కూర్చున్నాడు.