సి డ్రైవ్ పెంచమని ఇస్తే డి డ్రైవ్ ఊడ్చేశారు: నెల్లూరు వాళ్లు జాగ్రత్త

నిన్న సాయంత్రం నుంచి కడుపు మండిపోతోంది, అందుకే రాస్తున్నా. షాపు పేరు రాయను. ట్రంకు రోడ్డు వైపు సిస్టమ్ బాగు చేయించుకునేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు కూడా.

ఇంట్లో ఉన్నది ఒక టీబీ హార్డ్ డిస్క్. విండోస్ లెక్కలో 931 జీబీ. దాన్ని రెండు భాగాలు చేసి ఉంది: అందులో విండోస్ ఉండే సి కి 100 కూడా లేదు, మిగతాదంతా డి. సి ఎర్రగా నిండిపోయి అప్‌డేట్లు ఎక్కడం మానేశాయి. సరే, డిస్కు భాగాలు మార్చే డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి పోయి నేనే డి ని కొంచెం ష్రింక్ చేశా, అంటే కుదించా. ఖాళీ వచ్చింది గానీ, సి ని పెంచే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ బూడిద రంగులో పడుంది, నొక్కినా పలకదు. ఖాళీ జాగా సి కి కుడిపక్కన ఆనుకుని ఉంటేనే కలుస్తుందంట. నాదేమో డి కి అవతల పడింది. పైగా సి పక్కనే, విండోస్ చెడిపోతే బాగు చేసుకోవడానికి ఉంచే 500 ఎంబీల రికవరీ పార్టిషన్ (డిస్కులో వేరే భాగం) ఒకటి అడ్డంగా కూర్చుంది. అప్పుడే డి లో ఉన్నవి వేరే డిస్కులోకి కాపీ చేసుకుని ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు. మనకెందుకులే, తెలిసినోళ్లకిద్దాం అనుకున్నా. మహా తెలివి.

ఇచ్చేటప్పుడు రెండుసార్లు చెప్పా, డి లో ఫోటోలున్నాయి, జాగ్రత్త అని. "రోజూ చేసే పనే సార్" అన్నారు.

సాయంత్రం పోతే ముందు 700 తీసుకున్నారు. ఓనరు బిల్లు మీద రబ్బరు స్టాంపు కొట్టాడు, సరిగ్గా పడలేదు. దాని మీద నోటితో ఆవిరి ఊది మళ్లీ కొట్టాడు. నేను మడిచి జేబులో పెట్టుకున్నా. కుర్రాడు మానిటర్ నా వైపు తిప్పి, "చూడండి సార్, సి 300 అయింది" అన్నాడు. నిజం చెప్పొద్దూ, సంతోషపడ్డా. డి తెరవమన్నా. అన్నీ సినిమాలే! మా పాప బారసాల లేదు, మా నాన్న షష్టిపూర్తి లేదు.

"నా ఫోటోలేవి బాబూ?"

"డి తీసేస్తేనే సి పెరుగుతుంది సార్. ఖాళీగా ఉందని కొత్త సినిమాలేశా. వాటికి డబ్బులేం వద్దు."

ఎంత ధర్మాత్ముడో చూడండి! పార్టిషన్ తీసేసి క్విక్ ఫార్మాట్ (పైపైన తుడవడం) కొట్టినా పాత ఫైళ్లు చాలావరకు డిస్కులోనే ఉంటాయి, తిరిగి తీయొచ్చు. వాటి మీద వేరేవి రాస్తేనే పోతాయి. ఈయన ఏరి కోరి సరిగ్గా ఆ పనే చేశాడు, అదీ ఉచితంగా.

ఓనర్ని అడిగితే, "బిల్లు చూసుకోలేదా?" అన్నాడు. జేబులోంచి తీసి విప్పా. స్టాంపులో 'డేటాకు మా బాధ్యత లేదు'. ఆవిరి ఊది మరీ కొట్టింది ఇదా! పని చేయకముందు చెప్పాలి కదయ్యా అంటే, "చదువుకున్నోళ్లు మీరు, మేం చెప్పాలా?" అని పక్కనున్న కుర్రాళ్ల వైపు చూసి నవ్వాడు. 700 పోయినందుకు కాదు, ఆ నవ్వుకి రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఇక్కడ ఎవరైనా ఇదే పని చేయించుకోబోతుంటే, డి మొత్తం ముందు బయట డిస్కులోకి కాపీ పెట్టుకోండి. ఇప్పటికే పోయుంటే ఆ డిస్కులో ఇంకేమీ వేయకండి, సిస్టమ్ ఆన్ కూడా చేయకండి. నా డిస్కు విప్పి బీరువాలో పెట్టా. చెన్నైలో రికవరీ చేసేవాళ్లకి చూపిద్దామనుకుంటున్నా. సినిమాలు పడిన చోట ఏముండేదో అది మాత్రం ఇక రాదు. మా ఆవిడకి ఇంకా సిస్టమ్ రిపేర్‌లోనే ఉందని చెప్పా.