చేను వెతుక్కుంటూ లండన్ వెళ్లాం: సెల్యూట్ వార్‌గేమింగ్ షోలో ఒక రోజు

1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి పొలాల్లో ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ తన తెల్ల పటాలం ముందు నిలువెత్తు చేను అడ్డంగా ఉండేలా నిలిచాడు. ఎర్రకోట్లు వేసుకున్న మన దేశపు సిపాయిలు మాత్రం పక్కన బయటికే కనపడుతున్నారు. ఫ్రెంచ్ సేనాని కాన్‌ఫ్లాన్స్ మనుషులు ఆ ఎర్రకోట్లు చూసి, ఇంగ్లీషు పటాలం అదే అనుకుని వాళ్ల మీదికి వెళ్లారు. చేను చాటు నుంచి అసలు పటాలం బయటపడేసరికి యుద్ధం తిరగబడింది. విజయనగరం ఆనందరాజు ఆ రోజు ఫోర్డ్ పక్షాన ఉన్నాడు.

ఈ యుద్ధాన్ని ఆరడుగుల బల్ల మీద బొమ్మలతో ఆడించాలని రెండేళ్లుగా నా పట్టుదల. 20 మంది సైనికులకు ఒక బొమ్మ అని లెక్క వేసుకున్నాను. తెల్ల పటాలానికి 24 బొమ్మలు సరిపోతాయి, అవి ఇంట్లో ఉన్నాయి. సిపాయిలు 90 మందికి పైగా కావాలి, సగం కూడా లేరు. ఇక చేను అసలే లేదు. బల్ల మీద మనిషిని దాచేంత చేను ఎలా కట్టాలో, దాచినా ఎదుటివాడికి కనపడకుండా ఎలా ఆడాలో నాకు తేలలేదు. ఈ రెండిటి కోసమే ఏప్రిల్‌లో సెల్యూట్‌కి వెళ్లాం, నేనూ మా మేనల్లుడూ.

సెల్యూట్ అంటే సౌత్ లండన్ వార్‌లార్డ్స్ అనే క్లబ్బు ఏటా నడిపే వార్‌గేమింగ్ షో. లండన్ తూర్పున, రాయల్ విక్టోరియా డాక్ ఒడ్డున ఉన్న ఎక్సెల్ హాల్లో, ఒకే ఒక్క శనివారం, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా. బొమ్మలు, రంగులు, రూల్సు పుస్తకాలు అమ్మేవాళ్లు వందకు పైనే ఉంటారు. మధ్యలో క్లబ్బులవాళ్లు వేసిన ఆట బల్లలు. వాటిలో రెండు రకాలు. డెమో గేమ్ చూడటానికి, పార్టిసిపేషన్ గేమ్ మనం కూర్చుని ఆడటానికి. ఈ తేడా ముందే తెలిస్తే పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకి చాలా మేలు, ఎందుకంటే పిల్లలు ఎంతసేపని చూస్తూ నిలబడతారు?

సన్నాహం సంగతి కాస్త వివరంగా చెప్తాను, షోలో సగం సుఖం అక్కడే ఉంది. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనాలి. ముందు కొన్నవాళ్లకి ఇచ్చే సంచిలో ఆ ఏడాది షో కోసమే పోత పోసిన బొమ్మ ఒకటి వస్తుంది. మా వాడికి ఆ బొమ్మే షో మొత్తానికి ముఖ్యం. స్టాళ్ల మ్యాప్ విడుదల కాగానే ప్రింటు తీసి, నాకు పనున్న తొమ్మిది స్టాళ్లకి ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టాను. పెద్ద కొనుగోలు ఏదైనా ఉంటే అమ్మేవాళ్లకి రెండు మూడు వారాల ముందే ఆర్డరు పెట్టి, షోలో తీసుకుంటామని చెప్పడం మంచిది. పోస్టు ఖర్చు మిగులుతుంది, మధ్యాహ్నానికి సరుకు అయిపోతుందన్న టెన్షన్ ఉండదు. నేను అరవై మంది సిపాయిల్ని అలాగే చెప్పి పెట్టుకున్నాను.

ఇంట్లో ఉన్న రంగుల సీసాలన్నిటినీ వరసగా పెట్టి ఫోటో తీసుకెళ్లండి. ఉన్న రంగునే మళ్లీ కొనే పొరపాటు తప్పుతుంది.

అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం ఒక చిన్న మూత డబ్బా. అందులో దూది పరిచి, నేను రంగు వేసిన సిపాయి బొమ్మ ఒకటి పడుకోబెట్టాను. బొమ్మ ఎత్తు 28 మిల్లీమీటర్లు అని పేరే గానీ ఒక కంపెనీ 28కీ ఇంకో కంపెనీ 28కీ పొంతన ఉండదు. కొందరు పాదం నుంచి కంటి దాకా కొలుస్తారు, కొందరు నడినెత్తి దాకా. ఒకరి బొమ్మలు సన్నగా ఉంటాయి, ఇంకొకరివి బలిసిన భుజాలతో పెద్ద తలలతో ఉంటాయి. రెండూ ఒకే వరసలో నిలబెడితే తండ్రీ కొడుకుల్లా కనిపిస్తాయి. స్టాల్ దగ్గర డబ్బా తెరిచి నా సిపాయిని వాళ్ల బొమ్మ పక్కన నిలబెట్టి చూసేవాణ్ణి. తుపాకీ పొడవు, తలపాగా ఎత్తు, మోచేతి మందం. ఆ చూపుతోనే రెండు కంపెనీలు పక్కకి పోయాయి. ఇది ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్ ఫోటోలు చూస్తే తేలే పని కాదు.

బస విషయానికొస్తే, కిందటిసారి నాకు గట్టి దెబ్బ తగిలింది. కింగ్స్ క్రాస్ స్టేషన్ దగ్గర్లో, రైలు దిగితే చాలు కదా అని ఒక చిన్న హోటల్లో గది తీసుకున్నాను. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. టిఫిన్ ఏడింటికి అని బుకింగులో రాసి ఉంది, శనివారం మాత్రం ఎనిమిదిన్నరకట. ఖాళీ కడుపుతో బయల్దేరాను. ఈసారి తూర్పు లండన్‌లోని స్ట్రాట్‌ఫర్డ్‌లో దిగాం, రెండు రాత్రులు. జూబ్లీ లైను మెట్రోలో రెండో స్టేషను కానింగ్ టౌన్, అక్కడ డీఎల్ఆర్ అనే చిన్న రైలులోకి మారి బెక్టన్ వైపు వెళ్లే బండెక్కితే రెండో స్టాపు కస్టమ్ హౌస్. దిగితే ఎదురుగా ఎక్సెల్. హాలుకి ఆనుకునే హోటళ్లు ఉన్నాయి. కొన్నవి గదిలో పడేసి మళ్లీ రావచ్చు, ఆ సుఖం వేరు. నలుగురు కలిసి వెళ్తే అవి ఆలోచించదగ్గవే. ఇద్దరికి స్ట్రాట్‌ఫర్డ్ చాలు, రాత్రి తిండికీ తిరగడానికీ చోట్లు ఎక్కువ.

మేం లీడ్స్ నుంచి శుక్రవారం సాయంత్రం రైల్లో వచ్చాం. అదే రోజు వచ్చి పోయేవాళ్లు కింగ్స్ క్రాస్ నుంచి ఒక్క స్టాపు ఫారింగ్‌డన్, అక్కడ ఎలిజబెత్ లైను పట్టుకుంటే నేరుగా కస్టమ్ హౌస్. ఒక్క జాగ్రత్త. బండి మీద ఆబీ వుడ్ అని ఉందో లేదో చూడండి. వైట్‌చాపెల్ దాటాక లైను రెండుగా చీలిపోతుంది, షెన్‌ఫీల్డ్ బండెక్కితే ఇంకో దిక్కుకి పోతారు. వారాంతాల్లో పట్టాల మరమ్మతులు పెడుతుంటారు కాబట్టి శుక్రవారం రాత్రే ఒకసారి సరిచూసుకోవాలి.

తొమ్మిదిన్నరకి వెళ్లేసరికే క్యూ పొడవుగా ఉంది. ముందే ఆర్డరు పెట్టుకున్నవాళ్లకీ, తొందరేం లేనివాళ్లకీ ఆ క్యూ అక్కర్లేదు. పదకొండు దాటాక వస్తే హాయిగా లోపలికి నడిచిపోవచ్చు. మాకు మాత్రం ఆ వరసలో నిలబడటం కూడా బాగుంది. ముందున్న పెద్దాయన చేతిలో టూల్ బాక్సు. తెరిచి చూపిస్తే అడుగున ఇనుప రేకు, ప్రతి బొమ్మ పీట కింద అయస్కాంతం. తలకిందులు చేసినా ఒక్కటీ కదల్లేదు. మావాడు అప్పటికప్పుడే, "మావయ్యా, మనమూ ఇలాగే చేద్దాం" అని పట్టుబట్టాడు.

మొదటి గంటలో కొనుగోళ్లు ముగించాను. అరవై మంది సిపాయిలు, లోహపు బొమ్మలు, సంచి చేతికి తీసుకోగానే బరువు తెలిసింది. భుజానికి తగిలించుకునే బ్యాగు తప్పనిసరి, చేతి సంచి పట్టుకుంటే మధ్యాహ్నానికి వేళ్లు కోసుకుపోతాయి. చిన్న స్టాళ్లలో కార్డు మిషన్ ఒక్కోసారి మొరాయిస్తుంది, కొంత నగదు ఉంచుకోండి. నేను 120 పౌండ్లు అనుకుని వెళ్లాను, 112తో బయటపడ్డాను. సున్నాలు చుట్టిన మ్యాపే దానికి కారణం.

మావాడు ఓడల ఆట బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆడించే ఆమె రూల్సు పుస్తకం తెరవనే లేదు. "ఇది నీ ఓడ, గాలి ఇటు నుంచి వీస్తోంది, ఎటు పోతావు?" అని అడిగి మొదలుపెట్టింది. ఐదు నిమిషాల్లో వాడు పాచికలు వేస్తూ, టేపుతో దూరం కొలుస్తూ కేకలు పెడుతున్నాడు. కొత్తవాళ్లకి నేర్పడం అంటే అలా ఉండాలి. వాడు ఓడిపోయినా ఆమె చేయి కలిపి, ఏ ఎత్తు బాగా వేశాడో గుర్తు చేసి మరీ పంపింది.

మధ్యాహ్నం తిండి హాల్లో దొరుకుతుంది గానీ మేం డబ్బా కట్టుకెళ్లాం. డాక్ ఒడ్డున నీళ్లకి ఎదురుగా కూర్చుని తిన్నాం. ఐదారు గంటలు దీపాల వెలుతురులో తిరిగే రోజున మధ్యలో అరగంట ఎండ తగలడం కళ్లకీ కాళ్లకీ చాలా అవసరం.

రెండు దాటాక జనం పలచబడ్డారు. నాకు చేను దొరికింది అప్పుడే. పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపా యుద్ధం ఒకటి బల్ల మీద పరిచి ఉంది. ఒక మూల పండిన పంట, గాలికి ఒకవైపు ఒరిగినట్టుగా. వంగి చూస్తే కొబ్బరి పీచు. గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా! ఆ బల్ల వేసినాయన మిగిలిన ముక్క ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. పట్టాని కత్తితో అడుగు వైపు నుంచి కోయాలట, పై నుంచి కోస్తే పీచు తెగి రాలిపోతుంది. అంచులు నిటారుగా ఉంచకుండా కత్తెరతో ఎగుడుదిగుడుగా కత్తిరించాలి. మొదట్లో ముదురు గోధుమ రంగు పలచగా పారించి, ఆరాక కొసల మీద మాత్రం పొడి కుంచెతో లేత పసుపు. నా డబ్బాలోంచి సిపాయిని తీసి ఆ ముక్క వెనక నిలబెట్టాను. తలపాగా కొస తప్ప ఏమీ కనపడలేదు.

కనపడకుండా ఆడటం ఎలా అని కూడా అడిగాను. బల్ల చుట్టూ నిలబడ్డవాళ్లకి చేను వెనక ఉన్నది పై నుంచి కనపడుతుంది కదా. ఆయన సమాధానం తేలికైనది. చేను వెనక బొమ్మలు పెట్టకు, అట్టముక్కలు పెట్టు. మూడు అట్టలు ఒకేలా ఉండాలి, ఒకదాని కింద పటాలం, రెండిటి కింద ఏమీ ఉండదు. ఏది ఏదో అంపైర్‌కీ, ఫోర్డ్‌గా ఆడేవాడికీ మాత్రమే తెలుసు. అప్పుడు కాన్‌ఫ్లాన్స్‌గా ఆడేవాడు కూడా ఎర్రకోట్ల వైపే వెళ్తాడు. నేను చందుర్తి కథ చెప్తే ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం విన్నాడు, కాగితం మీద పటం గీయించుకున్నాడు. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. నాకు ఆ నలభై నిమిషాలే షో. అందుకే కొనుగోళ్లు పొద్దున్నే ముగించి, మధ్యాహ్నం బల్లల దగ్గరికి చేరమని అందరికీ చెప్తాను. నాలుగున్నరకల్లా చాలామంది సర్దడం మొదలుపెడతారు, మంచి ఆటలు డబ్బాల్లోకి వెళ్లిపోతాయి.

వేరే షోలతో పోల్చమంటే, ఇంగ్లండ్‌లోనే న్యూవార్క్ షోగ్రౌండ్‌లో జరిగే పార్టిజన్ షో నాకు చాలా ఇష్టం. చారిత్రక యుద్ధాల బల్లలు అక్కడ గొప్పగా ఉంటాయి, నింపాదిగా చూడొచ్చు. సెప్టెంబరులో న్యూబరీ గుర్రప్పందేల మైదానం దగ్గర కలర్స్ జరుగుతుంది. కారున్నవాళ్లకి ఆ రెండూ తేలిక. ఒకేచోట అన్ని కంపెనీల బొమ్మలూ చేతిలోకి తీసుకుని పోల్చాలంటే మాత్రం సెల్యూట్‌కే వెళ్లాలి. రైల్లో వచ్చేవాళ్లకీ ఇదే సులువు.

ఆదివారం పొద్దున హోటల్లో సామాను అప్పగించి చెల్సీలోని నేషనల్ ఆర్మీ మ్యూజియంకి వెళ్లాం. స్లోన్ స్క్వేర్ స్టేషన్ నుంచి పది నిమిషాల నడక, ప్రవేశం ఉచితం. అక్కడ విలియం సైబోర్న్ చేసిన వాటర్లూ యుద్ధపు నమూనా ఉంది. 1838లో మొదటిసారి జనానికి చూపించిన ఆ నమూనా మీద 70,000కి పైగా చిన్న చిన్న బొమ్మలు. దీని కోసం ఆయన యుద్ధభూమిలోని లా హే సాంత్ పొలం ఇంట్లో నెలల తరబడి ఉండి నేలని కొలిచాడు. యుద్ధంలో పాల్గొన్న అధికారులకి ఉత్తరాలు రాసి, సాయంత్రం ఏడు గంటల వేళ మీ దళం ఎక్కడుందని అడిగాడు. మీ ముందున్న పొలంలో ఏ పంట ఉందో కూడా అడిగాడు.

మావాడు గాజుకి ముక్కు ఆనించి ఆ చేల వైపే చూస్తున్నాడు. "మావయ్యా, చందుర్తిలో అది ఏ చేను?" అన్నాడు. ఆ యుద్ధం గురించి రాసిన ఇంగ్లీషువాళ్లు మొక్కజొన్న అన్నారు, నాకు మాత్రం జొన్నచేనేమో అని అనుమానం. డిసెంబరులో పిఠాపురం వైపు నిలువెత్తున నిలబడే పంట ఏదో తెలిసిన రైతుని అడగాలి. రెండిటికీ ఆకు వేరు, కంకి వేరు, రంగు వేరు. పట్టా కోసేది ఆ మాట తేలాకే.