ఎన్‌బీఎన్ సమీక్ష: ప్లాన్ కంటే ముందు ఇంటికొచ్చే తీగ చూసుకోండి

ఆస్ట్రేలియాలో ఇంటి ఇంటర్నెట్, అంటే దేశమంతటా వేసిన ఎన్‌బీఎన్ (నేషనల్ బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్), ఎలా ఉంటుందని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. ఏళ్ల తరబడి వాడాక చెప్పగలిగేది ఇదీ: ఏ కంపెనీ ప్లాన్ తీసుకున్నారన్నది తర్వాతి సంగతి. ముందు మీ గోడ దాకా ఏ తీగ వచ్చిందో చూసుకోవాలి. పక్కపక్క వీధుల్లో ఉంటారు, దాదాపు ఒకే బిల్లు కడతారు. ఒక ఇంట్లో సెకనుకు 500 మెగాబిట్లు నిలకడగా వస్తాయి, ఇంకో ఇంట్లో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే లైను మాటిమాటికీ తెగుతుంది. ఈ తేడా చాలావరకు 2013 ఎన్నికల పుణ్యమే.

2009 ఏప్రిల్‌లో కెవిన్ రడ్ లేబర్ ప్రభుత్వం నేషనల్ బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్‌ను ప్రకటించినప్పుడు నూటికి 90 ఇళ్లకు నేరుగా ఫైబర్, మిగతా మారుమూలలకు వైర్‌లెస్, శాటిలైట్ అనుకున్నారు. 2013లో టోనీ అబాట్ నాయకత్వంలో లిబరల్-నేషనల్ కూటమి గెలిచింది, మాల్కం టర్న్‌బుల్ కమ్యూనికేషన్స్ మంత్రి అయ్యారు. ఫైబర్‌ను వీధిలో ఉండే నోడ్ పెట్టె దగ్గర ఆపి, అక్కడి నుంచి ఇంటికి పాత టెలిఫోన్ రాగి తీగనే వాడదామని లెక్క మార్చారు. 29.5 బిలియన్ డాలర్లలో, 2016 కల్లా అందరికీ 25 మెగాబిట్లు ఇస్తామన్నారు. ఖర్చు 50 బిలియన్లు దాటింది, నిర్మాణం పూర్తయిందని ప్రకటించేసరికి 2020 డిసెంబరు వచ్చింది. అంతకు మూడు నెలల ముందే అదే కూటమి ప్రభుత్వం రాగి వేసిన చోట ఫైబర్ వేసే పథకం ప్రకటించింది. 2022లో లేబర్ వచ్చాక ఇంకో 15 లక్షల ఇళ్లను ఈ పనిలో కలిపారు, 2025 జనవరిలో మిగిలిన నోడ్ ఇళ్ల కోసం 3 బిలియన్ల దాకా ఇస్తామన్నారు. అంటే చేసిన పనే రెండోసారి చేస్తున్నారు. ఏ పార్టీ అభిమానికైనా ఇది కోపం తెప్పించాల్సిన విషయమే.

ఆ గొడవంతా ఎలా ఉన్నా, ఇప్పుడు మీ ఇంట్లో ఏముందో తెలుసుకోవాలి. ఎన్‌బీఎన్ కంపెనీ వెబ్‌సైట్లో అడ్రసు కొడితే మీ చోట ఏ టెక్నాలజీ ఉందో, ఫైబర్ అప్‌గ్రేడ్‌కు అర్హత ఉందో లేదో చెబుతుంది. అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్లే ముందే ఈ పని చేసుకోవచ్చు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు తప్పకుండా చేసుకోవాలి. నా మార్కులు ఇవీ: ఇంటి దాకా ఫైబర్, అంటే ఎఫ్‌టీటీపీకి 10కి 9. పాత కేబుల్ టీవీ తీగ మీద నడిచే హెచ్‌ఎఫ్‌సీకి 7. గుమ్మం ముందు గుంత దాకా ఫైబర్ వచ్చే ఎఫ్‌టీటీసీకి 5. నోడ్ నుంచి రాగి వచ్చే ఎఫ్‌టీటీఎన్‌కి 3.

ఆ 3 ఎందుకో వివరంగా చెప్పాలి. నోడ్ నుంచి వచ్చే రాగి తీగ పొడవే స్పీడును నిర్ణయిస్తుంది. మూడు నాలుగు వందల మీటర్లు దాటితే 100 రావడం కష్టం, కిలోమీటరు దాటితే 25 కూడా గ్యారంటీ లేదు. పైగా ఆ పొడవు మీ గుమ్మం నుంచి నోడ్ దాకా నడిచే దూరం కాదు. తీగ చుట్టూ తిరిగి వచ్చి ఉండొచ్చు. ఫుట్‌పాత్‌లోని గుంతల్లో దశాబ్దాల కిందటి అతుకులు ఉంటాయి. వాన నీళ్లు చేరి అతుకు తుప్పు పట్టినప్పుడు లైను పూర్తిగా చావదు. తెగుతూ కలుస్తూ ఉంటుంది, ఎండ కాయగానే కుదుటపడుతుంది. టెక్నీషియన్ వచ్చే రోజుకు అన్నీ బాగానే కనిపిస్తాయి. అందుకే తెగిన ప్రతిసారీ తేదీ, సమయం, వాన ఉందా లేదా రాసి పెట్టుకోవాలి. చాలా మోడెముల లాగ్‌లో ఎప్పుడు తెగిందో ఉంటుంది, దాన్ని ఫొటో తీసి పంపండి. మాటల కంటే ఆ కాగితానికే విలువ.

ఇంటి లోపలి తీగలు కూడా లైనును పాడుచేస్తాయి. పాత ఇళ్లలో వంటింట్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి చొప్పున ఫోన్ సాకెట్లు ఉంటాయి, అన్నీ ఒకే లైనుకు సమాంతరంగా కలిపి ఉంటాయి. వాడని ఆ కొసల నుంచి సిగ్నల్ వెనక్కి కొట్టుకుని స్పీడు తగ్గుతుంది. మోడెమ్‌ను మొదటి సాకెట్‌కే తగిలించి, మిగతావి విడదీయించాలి. గోడలోపలి ఈ పని రిజిస్టర్డ్ కేబ్లర్ మాత్రమే చేయాలన్నది ఇక్కడి నిబంధన. ఇంకా తెగుతుంటే లైనును మరింత స్థిరమైన ప్రొఫైల్‌లో పెట్టమని ప్లాన్ అమ్మిన కంపెనీని అడగొచ్చు. స్పీడు కొంచెం తగ్గినా కాల్స్ మధ్యలో ఆగవు.

ఎఫ్‌టీటీసీలో రాగి కొద్ది మీటర్లే కాబట్టి స్పీడు బాగుంటుంది. చిక్కంతా ఉరుములతోనే. పిడుగు దగ్గర్లో పడితే ఇంట్లోని చిన్న కనెక్షన్ పెట్టె కాలిపోవచ్చు. మబ్బు కమ్మితే కరెంటు ప్లగ్గుతో పాటు గోడకు వెళ్లే ఫోన్ తీగ కూడా పీకాలి. ఒక్కటి పీకి ఊరుకుంటే లాభం లేదు. హెచ్‌ఎఫ్‌సీలో ముందు చూడాల్సింది పెట్టె వెనక మర తిప్పి బిగించే కనెక్టర్. అది వేలితో గట్టిగా బిగించి ఉండాలి. పాత టీవీ కోసం తీగను రెండుగా చీల్చడానికి పెట్టిన స్ప్లిట్టర్ ఇంకా మధ్యలో ఉంటే తీసేయించాలి.

ఇప్పుడు అసలు సంగతి. 2025 సెప్టెంబరు 14 నుంచి ఫైబర్, హెచ్‌ఎఫ్‌సీ ఇళ్లకు 100 మెగాబిట్ల ప్లాన్ 500 అయింది, 250 కాస్తా 750 అయింది, పైన 2000 ప్లాన్ కొత్తగా వచ్చింది. రాగి మీద ఉన్నవాళ్లకు ఇవేవీ అందలేదు. అర్హత ఉన్న ఇంటికి ఫైబర్ వేయించుకోవడానికి సాధారణంగా డబ్బు కట్టక్కర్లేదు, పై స్పీడు ప్లాన్ తీసుకోవాలన్న షరతు మాత్రం ఉండొచ్చు. ఎన్ని నెలల దాకా కింది ప్లానుకు దిగకూడదో, దిగితే ఎంత కట్టాలో ఆర్డర్ చేసే ముందే చదవండి. అద్దె ఇల్లయితే ఓనరు అనుమతి, అపార్ట్‌మెంటయితే ఓనర్స్ కార్పొరేషన్ (ఫ్లాట్ల ఓనర్ల సంఘం) అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇది లేకే ఎక్కువ ఆర్డర్లు ఆగిపోతాయి.

బిగించే రోజు మీరు ఇంట్లో ఉండి తీరాలి. బయటి గోడకు ఒక చిన్న పెట్టె, లోపల ఇంకో పెట్టె వస్తాయి. లోపలి పెట్టెను ఎక్కడ పెట్టాలన్న నిర్ణయమే తర్వాత పదేళ్లు మీ వైఫైని శాసిస్తుంది. టెక్నీషియన్‌కు సులువైన చోటు గరాజు. మీకు కావాల్సింది ఇంటి నడుమ, కరెంటు పాయింటు పక్కన ఉన్న గోడ. ముందే చోటు చూసి, అక్కడి ఫర్నిచర్ జరిపి ఉంచితే చాలాసార్లు ఒప్పుకుంటారు. భూమిలో ఉన్న పాత గొట్టం నలిగిపోతే, వేర్లు దూరితే ఆ రోజు పని జరగదు, మళ్లీ వస్తారు. అందుకే ఫైబర్ నడిచేదాకా పాత రాగి కనెక్షన్‌ను రద్దు చేయకండి.

లోపలి పెట్టెకు మామూలుగా నాలుగు డేటా పోర్టులు ఉంటాయి. మీ సర్వీసు వాటిలో ఒకదాని మీదే, ఎక్కువగా మొదటిదాని మీద, తెరిచి ఉంటుంది. రౌటర్‌ను తప్పు పోర్టులో పెడితే దీపం వెలుగుతుంది కానీ నెట్ రాదు. ఆప్టికల్ దీపం పచ్చగా లేకపోయినా, అలారం దీపం ఎర్రబడినా లోపం ఫైబర్‌లోనే ఉంది, రౌటర్‌ను ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా లాభం లేదు. రాగి నుంచి మారినవాళ్లు రౌటర్లో ఫోన్ తీగ తగిలించే డీఎస్‌ఎల్ పోర్టు వదిలేసి వాన్ (WAN) పోర్టు వాడాలి. కనెక్షన్ రకం పాస్‌వర్డ్ అడగని ఐపీఓఈనా, యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ అడిగే పీపీపీఓఈనా కంపెనీని అడిగి మార్చాలి.

500 ప్లాన్ తీసుకున్నాక స్పీడ్ టెస్టులో 94 దగ్గర ఆగిపోయిందని చాలామంది ఫిర్యాదు చేస్తారు. 94 కనబడితే నూటికి తొంభై పాళ్లు తప్పు ఇంట్లోనే: రౌటర్ పోర్టు 100 మెగాబిట్లదై ఉండాలి, లేదా ఈథర్‌నెట్ కేబుల్లో ఎనిమిది తీగల్లో నాలుగే పనిచేస్తుండాలి. కేబుల్ మార్చడానికి పది డాలర్లు చాలు, ముందు అది చేసి చూడండి. 2000 ప్లాన్‌కి 2.5 గిగాబిట్ పోర్టున్న రౌటర్, కొత్త రకం పెట్టె రెండూ కావాలి. నలుగురున్న ఇంటికి 500 సరిపోతుంది, అంతకు మించి పెట్టే డబ్బు ఇంట్లో రెండు మూడు చోట్ల పెట్టెలు పెట్టి సిగ్నల్ అందించే మంచి మెష్ వైఫైకి పెట్టుకోవడం మేలు. మెల్‌బోర్న్ పడమటి శివార్లలోని టార్నీట్, ట్రుగనీనా లాంటి చోట్ల, మనవాళ్లు ఎక్కువగా ఉండే కొత్త ఇళ్లలో లోపలి గోడలు పలుచని ప్లాస్టర్‌బోర్డు. మన ఊళ్లలో ఇటుక గోడల కంటే సిగ్నల్ ఇందులోంచి సులువుగా దాటుతుంది. పెర్త్‌లోని డబుల్ బ్రిక్ ఇళ్లలో మాత్రం ప్రతి రెండు గదులకూ ఒక మెష్ పెట్టె లెక్కేసుకోవాలి. కొన్ని కొత్త ఎస్టేట్లలో ఎన్‌బీఎన్ కాకుండా వేరే కంపెనీ ఫైబర్ ఉంటుంది. అక్కడ ప్లాన్లు, ధరలు వేరు.

హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లను నిరాశపరిచేది అప్‌లోడ్. అక్కడి ఫైబర్ కనెక్షన్లలో ఎక్కడం దిగడం సమానంగా ఉండటం మామూలు. ఇక్కడ 500 ప్లాన్‌కి అప్‌లోడ్ 50 మాత్రమే. వీడియో కాల్స్‌కు ఇది ధారాళం. రోజూ పెద్ద ఫైళ్లు ఎక్కించేవాళ్లు మాత్రం అప్‌లోడ్ 100 ఉన్న గిగాబిట్ ప్లాన్ చూసుకోవాలి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాట కొంచెం ఆలస్యంగా అందుతుందంటే ప్లాన్ పెంచినా మారదు. మెల్‌బోర్న్ నుంచి హైదరాబాద్‌కు తొమ్మిది వేల కిలోమీటర్ల పైచిలుకు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు వెళ్తుంది కాబట్టి రానుపోను 90 మిల్లీసెకన్లు ఎటూ తప్పవు. కేబుళ్లు తిన్నగా రావు కాబట్టి అసలు అంకె ఇంకా ఎక్కువే ఉంటుంది.

కరెంటు పోతే ఏమవుతుందో చాలామంది ఆలోచించరు. పాత రాగి ఫోనుకు కరెంటు ఎక్స్‌చేంజి నుంచే వచ్చేది. ఇప్పుడు ఇంట్లో కరెంటు పోతే పెట్టె ఆగుతుంది, దానితో ల్యాండ్‌లైన్ ఆగుతుంది, అత్యవసరానికి 000కు కాల్ చేద్దామన్నా కుదరదు. అమ్మానాన్నలు వచ్చి ఉన్న ఇంట్లో, మెడికల్ అలారం ఉన్న ఇంట్లో చిన్న డీసీ యూపీఎస్ (బ్యాటరీ పెట్టె) ఒకటి పెట్టుకుని పెట్టెను, రౌటర్‌ను రెండింటినీ దాని మీద నడపాలి. వోల్టేజి రెండింటికీ సరిపోతుందో అడాప్టర్ల మీద అంకెలు చూసి కొనండి. పెద్ద తుపానుకు వీధిలోని నెట్‌వర్కే పడిపోవచ్చు, అందుకని చార్జి ఉన్న మొబైల్ ఎలాగూ దగ్గరుండాలి.

ఇక బిల్లు. ఎన్‌బీఎన్ హోల్‌సేల్ సంస్థ, మీకు అమ్మేది రిటైల్ కంపెనీ. అందుకే ఫిర్యాదు కూడా రిటైల్ కంపెనీకే చేయాలి. ప్లాన్ల ప్రకటనల్లో సాయంత్రం 7 నుంచి 11 మధ్య వచ్చే స్పీడు రాస్తారు. పోల్చాల్సింది ఆ అంకెనే. వినియోగదారుల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ ఏసీసీసీ ఇళ్లలో యంత్రాలు పెట్టి కొలిచి నివేదికలు ఇస్తుంది, కంపెనీల ప్రకటనల కంటే నేను దాన్నే నమ్ముతాను. ఎక్కువ ప్లాన్లకు కాంట్రాక్టు ఉండదు. కొత్త కస్టమర్‌కు ఆరు నెలల తగ్గింపు ఇచ్చి తర్వాత పూర్తి ధర వేస్తారు. కంపెనీ మారడం ఫైబర్ మీద మామూలుగా కొన్ని గంటల పని, టెక్నీషియన్ రానక్కర్లేదు. హోల్‌సేల్ ధరలు ఏటా జులై 1న మారతాయి కాబట్టి జూన్‌లో వచ్చే ఈమెయిళ్లు తీసి చదవండి. రాగి లైను మీద కొన్న ప్లాన్ స్పీడు అందకపోతే కింది ప్లానుకు దించమనో, జరిమానా లేకుండా వదిలేయమనో అడిగే హక్కు మీకుంది. 2017లో ఏసీసీసీ జోక్యంతో పెద్ద కంపెనీలు వేలాది కస్టమర్లకు ఇలాగే డబ్బు వెనక్కి ఇచ్చాయి. కంపెనీ తేల్చకపోతే ఫిర్యాదు నంబరు పట్టుకుని ఫోన్, ఇంటర్నెట్ గొడవలు తేల్చే టెలికమ్యూనికేషన్స్ ఇండస్ట్రీ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. వినియోగదారుడికి అది ఉచితం, ఇంగ్లిష్ ఇబ్బందిగా ఉన్నవాళ్లు దుబాసీని అడగొచ్చు. ముందు చెప్పిన ఆ తేదీల కాగితం, మోడెమ్ లాగ్ ఫొటోలు ఆ ఫిర్యాదుకు జతచేయండి.