హెర్ఫర్డ్‌షైర్‌లో మూడు పాత చర్చిలు, మూడు బాప్తిస్మ తొట్లు

అమ్మ ఒంగోలు నుంచి వచ్చినప్పుడు లండన్ అంతా తిప్పాం. అన్నీ చూసింది గానీ, "ఈ జనంలో నాకేం అర్థం కావట్లేదు, ఏదైనా పల్లెలో పాత గుడి చూపించు నాన్నా" అంది. అందుకే ఇంగ్లండ్ పడమటి వైపున్న హెర్ఫర్డ్‌షైర్ ఎంచుకున్నాం. బర్మింగ్‌హామ్ నుంచి అక్కడి హెర్ఫర్డ్ ఊరికి నేరుగా రైలుంది, గంటన్నర ప్రయాణం. రెండు రాత్రులు ఉండేలా వెళ్లాం.

మొదట కిల్పెక్. హెర్ఫర్డ్‌కి నైరుతిగా తొమ్మిది మైళ్లు ఉంటుంది. 1140 ప్రాంతంలో ఎర్ర ఇసుకరాతితో కట్టిన చిన్న చర్చి. లోపల మూడే గదులు, ఒకదాని వెనక ఒకటి, చివరిది గుండ్రంగా మలిచి ఉంటుంది. పరిమాణం చూస్తే మన ఊళ్లో రామాలయమంత, కానీ దక్షిణ ద్వారం దగ్గర మాత్రం మేం గంట సేపు కదల్లేదు. తలుపు పైన అర్ధచంద్రాకారపు పలకలో జీవవృక్షం, చుట్టూ కమాను మీద పక్షి ముక్కుల తలలు, ఒకదాని తోకను ఒకటి కొరికే పాములు, పక్క స్తంభాల మీద తీగల్లో చిక్కుకున్న మనుషులు. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల వానకి కూడా చెక్కడం మెత్తబడలేదు. చూరు కింద చుట్టూ 80కి పైగా రాతి తలలు మిగిలి ఉన్నాయి. వాటిలో పక్కపక్కనే బుగ్గలు ఆనించుకున్నట్టున్న కుక్క, కుందేలు అమ్మకి బాగా నచ్చాయి. బట్టల్లేని ఆడబొమ్మ కూడా ఒకటుంది, పిల్లలతో వెళ్లేవాళ్లు ముందే తెలుసుకుంటే మంచిది. మన గుళ్ల గోడల మీద అలాంటివి చూసినవాళ్లం కాబట్టి మాకు ఇబ్బంది అనిపించలేదు.

లోపలికి వెళ్లాక అమ్మ వెతికింది బాప్తిస్మపు నీళ్లుండే రాతి తొట్టి. ఆమెది బాప్టిస్టు కుటుంబం. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్న సంగతి వింటూ పెరిగింది. ఆమె లెక్కలో బాప్తిస్మం అంటే ఏరు, నడుం లోతు నీళ్లు, తెలిసి ఒప్పుకున్న పెద్దమనిషి. ఇక్కడ మధ్యయుగంలో పుట్టిన కొద్ది రోజులకే బిడ్డని తెచ్చేవారు, ఎందుకంటే ఆ పసివాళ్లలో ఎంతమంది బతుకుతారో ఎవరికీ తెలియదు. బిడ్డని నీళ్లలో ముంచేవారు కాబట్టే పాత తొట్లు అంత పెద్దవి. నీళ్లు మంత్రాలకి దొంగిలిస్తున్నారని 1236లో కాంటర్బరీ ఆర్చిబిషప్ తొట్లకి మూతలు పెట్టి తాళం వేయమన్నాడు. ఇంగ్లండ్‌లో చాలా తొట్ల అంచు మీద ఆ తాళం కొక్కేల గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. అయితే కిల్పెక్‌లో తొట్టి పెద్దదే గానీ సాదా రాతి గిన్నె. అంత శిల్పం బయట పెట్టి తొట్టిని ఎందుకు అలా వదిలేశారని అమ్మ చాలాసేపు అడుగుతూనే ఉంది.

మర్నాడు ఎర్డ్‌స్లీ. నల్ల దూలాలు, తెల్ల గోడల ఇళ్ల ఊరు, నడవడానికి హాయిగా ఉంది. ఇక్కడి తొట్టి 1150 ప్రాంతానిది, కిల్పెక్ చెక్కిన శిల్పుల సంప్రదాయమే. ఒక పక్క ఇద్దరు యోధులు పోట్లాడుతుంటారు, ఒకడి ఈటె రెండోవాడి తొడలో దిగి ఉంటుంది. ఇంకో పక్క క్రీస్తు ఒక మనిషిని మణికట్టు పట్టుకుని నరకంలోంచి లాగుతుంటాడు, ఆ పట్టులో ఉన్న బలం రాతిలో తెలుస్తుంది. ముడులు వేసిన తాళ్ల అల్లికలు, పెద్ద సింహం. పనితనంలో మూడింట్లో ఇదే గొప్పదని నా అభిప్రాయం.

కానీ అమ్మ ఓటు కాజిల్ ఫ్రూమ్‌కి. హెర్ఫర్డ్‌కి తూర్పున, కొండవాలు మీద చిన్న చర్చి, మేం ఉన్నంతసేపూ ఇంకెవరూ రాలేదు. తొట్టిని అడుగున వంగిన మనుషుల బొమ్మలు మోస్తుంటాయి. పైన యేసు బాప్తిస్మమే చెక్కారు. నీటి వలయాల మధ్య ఆయన, చుట్టూ చేపలు, పైన పావురం, దేవుడి చెయ్యి, పక్కన బాప్తిస్మమిస్తున్న యోహాను, ఇంకా బైబిల్లో సువార్తలు రాసిన నలుగురి గుర్తులు. "ఇది ఏరే కదరా" అంది అమ్మ, చేపల్ని చూపిస్తూ. తర్వాత ఏం మాట్లాడకుండా వెనక బల్ల మీద కూర్చుంది.

ఇక సౌకర్యాలు. కారు లేకుండా ఈ మూడూ చూడాలనుకోవద్దు, పల్లెలకి బస్సులు తక్కువ. మేం కారు అద్దెకి తీసుకున్న సంస్థ, దాని మీద ముందే ఉన్న గీతకి మా డిపాజిట్ పట్టుకుంది, పది రోజులు టెన్షన్ పడి, మెయిళ్లు పంపి వెనక్కి తెచ్చుకున్నాం. తీసుకునేటప్పుడే నాలుగు వైపులా ఫొటోలు తీయండి. దారులు ఇరుకు, ఎదురు బండి వస్తే వెనక్కి పోవాల్సిందే. హెర్ఫర్డ్‌లో దిగిన ఇంటి గది శుభ్రంగా ఉంది, ఇంటావిడ అమ్మకి కారం లేని తిండి సహించట్లేదని చూసి మిరియాలు తెచ్చి పెట్టింది, మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాం. చర్చిల్లోకి టికెట్ లేదు, హుండీలో తప్పకుండా వేయండి, ఆ పైకప్పులు నిలబడేది ఆ డబ్బుతోనే. లోపల చలి ఎక్కువ, చిన్న టార్చి పట్టుకెళ్లండి, పక్క నుంచి వెలుగు వేస్తేనే చెక్కడం లేచి కనిపిస్తుంది. ఆదివారం పొద్దున ఆరాధన ఉంటుందేమో చూసుకోండి.

ఒక్కరోజే ఉంటే పొద్దున కిల్పెక్, మధ్యాహ్నం కాజిల్ ఫ్రూమ్ చూడండి. ఎర్డ్‌స్లీ పడమటి వైపు కాబట్టి, రెండో రోజు కూడా ఉంటే దానికి ఉంచుకోండి.