కోనసీమ 4జీ మీద బీబీఆర్: రెండు వర్షాకాలాల తర్వాత

లినక్స్‌లో మార్చమని చెప్పే నెట్‌వర్క్ సెట్టింగులు డజను ఉంటాయి. రాజోలు దగ్గర 4జీ రౌటర్ మీద, అమెరికా సర్వర్‌కి పెళ్లి వీడియోలు ఎక్కించే పనికి, చివరికి ఉంచుకున్నది ఒక్కటే: టీసీపీ కంజెషన్ కంట్రోల్‌ని (దారిలో రద్దీని బట్టి డేటా ఎంత వేగంగా పంపాలో తేల్చే పద్ధతిని) మామూలుగా ఉండే క్యూబిక్ నుంచి బీబీఆర్‌కి మార్చడం.

ప్యాకెట్ (డేటా ముక్క) పోయిందంటే దారి నిండిపోయిందనే క్యూబిక్ లెక్క. వెంటనే విండోని (జవాబు కోసం ఆగకుండా పంపే డేటా మోతాదుని) 30 శాతం కోస్తుంది. వానలో సిగ్నల్ తడబడి పోయిన ప్యాకెట్‌కీ అదే శిక్ష. సర్వర్‌కి వెళ్లిరావడానికే 250 మిల్లీసెకన్లు పడితే కోలుకోవడం నత్తనడకే. బీబీఆర్ అలా కాదు, డేటా నిజంగా ఎంత వేగంగా చేరుతోందో కొలిచి పంపుతుంది; శివారుకి ఎంత నీరు చేరుతోందో కొలిచాకే లాకు తలుపు ముట్టుకునే రకం. ఈదురుగాలి రోజుల్లోనే తేడా బాగా తెలుస్తుంది.

కెర్నల్ (లినక్స్ గుండెకాయ) 4.9 లేదా ఆ తర్వాతిది కావాలి. సిస్‌సీటీఎల్ (కెర్నల్ సెట్టింగుల) ఫైల్లో ఒక్క లైను. 4.13 నుంచి ఎఫ్‌క్యూ (ప్యాకెట్లని ఎడంగా, వంతులవారీగా వదిలే వరుస పద్ధతి) తప్పనిసరి కాదు, ఉంటే మంచిదే. మార్పు కొత్త కనెక్షన్లకే వర్తిస్తుంది, నడుస్తున్న అప్‌లోడ్‌ని ఆపి మళ్లీ మొదలెట్టాలి. గ్రాఫ్‌లో ఉండుండి 10 సెకన్లకోసారి చిన్న గొయ్యి కనబడితే కంగారొద్దు, బీబీఆర్ ఆలస్యాన్ని మళ్లీ కొలుచుకుంటోంది.

నా కోపమంతా ఆ డజనులోని 64 ఎంబీ బఫర్ సలహా మీదే, అంటే పంపాల్సిన డేటా ఆగే చోటుని అంత పెద్దది చేయమనడం. అది అతికించాక అప్‌లోడ్ వేగం పైసా పెరగలేదు, ఇంట్లో వీడియో కాల్ మాత్రం ముక్కలైంది. లెక్క వేస్తే తెలిసేదే: 10 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) అప్‌లోడ్, 250 మిల్లీసెకన్లు, అంటే దారిలో పట్టేది దాదాపు 312 కేబీ. పంపే బఫర్‌కి డీఫాల్ట్ గరిష్ఠమే 4 ఎంబీ! అదనంగా వదిలిందంతా రౌటర్ వరుసలో నిలబడుతుంది. 4 ఎంబీ ఖాళీ కావడానికే మూడు సెకన్ల పైన పడుతుంది, మిగతావాళ్ల ప్యాకెట్లు ఆ వెనకాలే. తీసేసి రీబూట్ చేశాక కాల్ కుదుటపడింది.

బీబీఆర్‌ని మరీ మోసేశాననిపిస్తోంది. పంపేవైపే పనిచేస్తుంది, డౌన్‌లోడ్‌కి ఇక్కడ మార్చి ఒరిగేదేమీ లేదు. రౌటర్ బఫర్ చిన్నదైతే మళ్లీ పంపే ప్యాకెట్లు పెరుగుతాయి, రోజుకింత డేటా అని లెక్క ఉన్నవాళ్లకి అది ఖర్చే. అదే లైన్లో క్యూబిక్ మీద నడిచే కంప్యూటర్ వాటాకీ గండి పడొచ్చు. నాది ఒక్క మిషన్, రాత్రిపూట అప్‌లోడ్, కాబట్టి ఉంచాను. ఫైబర్ మీద హైదరాబాద్ సర్వర్‌కి పంపేవాళ్లయితే క్యూబిక్‌ని కదపకపోయినా పర్లేదండి.